ఘాట్ ఎక్కే లారీకి నాలుగు మీటర్లు: ఏది పనికొచ్చింది, ఏది దండగ

ముందు తీర్పు చెప్పేస్తాను, తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. ఆయిల్ ప్రెషర్ మీటర్, పొగ వేడి చూపించే పైరోమీటర్, ఈ రెండూ పెట్టిన ప్రతి రూపాయినీ రాబట్టాయి. వాటర్ టెంపరేచర్ మీటర్ ఉండాల్సిందే, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే ఒకరోజు కొంప ముంచుతుంది. టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ప్రెషర్ చూపించే బూస్ట్ మీటర్ మెకానిక్‌కి పనికొస్తుంది, డ్రైవర్‌కి అంతగా కాదు.

మాది సాలూరు. ఇక్కడ లారీ ఉన్నవాడికి ఘాట్ తప్పదు. పాచిపెంట దాటి పి.కోనవలస దగ్గర ఎక్కుడు మొదలవుతుంది. సుంకి, పొట్టంగి, కోరాపుట్ మీదుగా జయపురం దాకా బండి కొండల్లోనే తిరుగుతుంది. నా బండి పది టైర్లది. 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజిన్, పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, మెకానికల్ డీజిల్ పంపు. కంప్యూటర్ లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొనేసరికే డ్యాష్‌బోర్డులో సగం ముళ్లు కదలడం మానేశాయి. నీళ్ల వేడి చూపించే హీట్ మీటర్ ముల్లు ఎప్పుడు చూసినా మధ్యలో నిద్రపోతుండేది. ఆయిల్‌కి మిగిలింది ఒక ఎర్ర లైటు.

ఆ లైటు సంగతి చాలామంది ఓనర్లకు తెలీదు. ఆయిల్ ప్రెషర్ దాదాపు అర కేజీకి (చదరపు సెంటీమీటరుకి ఇన్ని కేజీలని లెక్క) పడిపోతేనే దాని స్విచ్ పనిచేసి అది వెలుగుతుంది. మూడున్నర ఉండాల్సిన చోట రెండు ఉన్నా, ఒకటిన్నర ఉన్నా అది వెలగదు. అది వెలిగేసరికి బేరింగులు అరుగుతూ ఉంటాయి, నాలుగు కిలోమీటర్లు అలాగే లాగితే క్రాంకు పట్టేస్తుంది. ఇంజిన్ బాగుందా అంటే లైటు చెప్పలేదు. చచ్చిందని మాత్రం చెబుతుంది.

అందుకే విజయవాడ ఆటోనగర్ వెళ్లినప్పుడు నాలుగు మీటర్లు తీసుకున్నాను. పెద్ద కంపెనీ సరుకేం కాదు, డబ్బా మీద పేరు కూడా సరిగ్గా లేదు. మీటర్లు, రాగి గొట్టం, ఇత్తడి టీ జాయింట్లు, కేబులు, బిగింపు కూలీ అన్నీ కలిపి తొమ్మిది వేలకు కాస్త అటూ ఇటూ అయింది. ఇంజిన్ బోరుకొస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చిల్లరే.

షాపు గురించి ఒక మంచి మాట చెప్పాలి. కొట్టతను టెస్ట్ చేసుకోనిచ్చాడు. పక్కన టీ కొట్టులో మరుగుతున్న నీళ్లలో టెంపరేచర్ బల్బు ముంచాం. ముల్లు 100కి ఒక వెంట్రుక కింద ఆగింది. పైరోమీటర్ ప్రోబు కూడా ముంచితే 98 చూపించింది. ఆయిల్ మీటర్‌కి టైర్ల షాపు కంప్రెసర్ గొట్టం పట్టి, వాళ్ల గాలి మీటర్‌తో సరిచూశాం. నాలుగు కేజీల దగ్గర రెండూ ఒకటే మాట చెప్పాయి. మొదట ఇచ్చిన ఆయిల్ మీటర్ మాత్రం గాలి తీసేశాక కూడా పావు కేజీ దగ్గర ఆగిపోయింది. అది పక్కన పెట్టి ఇంకోటి తీశాడు, మొహం చిట్లించలేదు. మీరు కొన్నా ఇలాగే చేయండి. బిగించాక తేడా వస్తే తప్పు మీటర్‌దో ఇంజిన్‌దో తేల్చుకోలేక తల పట్టుకుంటారు.

ఆయిల్ మీటర్ కరెంటుది కాకుండా మెకానికల్‌ది కావాలని పట్టుబట్టాను. బ్లాకు నుంచి సన్నగొట్టంలో ఆయిల్ నేరుగా మీటర్ వెనక్కి వస్తుంది. లోపల వంకీ తిరిగిన ఇత్తడి గొట్టం ప్రెషర్‌కి విచ్చుకుంటే ముల్లు కదులుతుంది. 1849లో బోర్డన్ అనే ఫ్రెంచాయన పేటెంట్ తీసుకున్న పద్ధతి, ఇప్పటికీ అదే. సెన్సార్ చెడడం, వైరు ఊడడం, ఎర్త్ సరిగ్గా లేకపోవడం, ఈ గోలలేవీ ఉండవు. ఉన్న చిక్కల్లా ఒకటే, వేడి ఆయిల్ క్యాబిన్‌లోకి వస్తుంది. సెట్టుతో పాటు ఇచ్చిన నైలాన్ గొట్టం చూడగానే పక్కన పారేశాను. మా ఇంజిన్ బానెట్ క్యాబిన్‌లోనే, డ్రైవర్ మోకాలి పక్కనే ఉంటుంది. ఆ వేడికి నైలాన్ మెత్తబడి ఊడితే కాలుతున్న ఆయిల్ ఎవరి ఒళ్లో పడుతుంది? రాగి గొట్టమే వేయించాను. ఇంజిన్ ఊగుతుంది, క్యాబిన్ వేరేగా ఊగుతుంది కాబట్టి మధ్యలో రెండు చుట్లు తిప్పించాను. లేకపోతే జాయింటు దగ్గర చిట్లుతుంది.

బిగించిన కొత్తలో ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, ముల్లు గజగజ వణికేది, అంకె కనపడేది కాదు. గొట్టం మొదట్లో సన్న బెజ్జం ఉన్న ఇత్తడి ముక్క పెట్టిస్తే తగ్గింది. ఇది సెట్టులోనే ఇవ్వాలి. ఇవ్వలేదు, ఒక మార్కు కోత.

ఇక ఏ అంకె ఉండాలి? మాన్యువల్ ప్రకారం ఈ ఇంజిన్‌కి వేడి మీద ఐడిల్‌లో కనీసం 10 పీఎస్ఐ, ఫుల్ స్పీడులో కనీసం 30 పీఎస్ఐ. మన కేజీల్లో 0.7, 2.1. కానీ కనీసం అంటే అంతకు దిగితే ప్రమాదం అని, అంత ఉంటే చాలని కాదు. మీ బండికి మామూలుగా ఎంత ఉంటుందో అదే అసలు లెక్క. నా దాంట్లో పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆయిల్ చిక్కగా ఉండి ఐదు దాకా వెళ్తుంది. రోడ్డు మీద వేడెక్కాక మూడున్నర దగ్గర నిలబడుతుంది. లోడుతో వచ్చి టోల్ గేటు క్యూలో ఆగినప్పుడు 1.2. ఈ చివరి అంకె చూడమని మా డ్రైవర్ సింహాచలానికి చెప్పాను. ఎందుకంటే ఆయిల్ పలచగా, పంపు నెమ్మదిగా ఉండే వేళ అదే. ఇంజిన్ అరుగుదల మొదట బయటపడేది అక్కడే.

పోయిన వేసవిలో అదే జరిగింది. టోల్ గేటు దగ్గర అంకె 1.2 నుంచి మెల్లమెల్లగా 0.8కి దిగింది. ఎర్ర లైటుకి చీమ కుట్టినట్టు కూడా లేదు. సింహాచలం ఫోన్ చేసి, "ఓనరుగారూ, ఆయిల్ తక్కువైందేమో అని డిప్‌స్టిక్ తీశాను. తక్కువ కాదండీ, పైగీత దాటి ఉంది" అన్నాడు. ఆయిల్ పెరిగింది, ప్రెషర్ తగ్గింది. అక్కడే విషయం తెలిసిపోయింది. డిప్‌స్టిక్ మీది ఆయిల్ వేలికి రాసుకుని వాసన చూడమన్నాను. డీజిలే. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు, ఏళ్ల తరబడి తిరిగింది, లోపల అరిగి డీజిల్‌ని ఆయిల్‌లోకి వదులుతోంది. పంపు మార్చి, ఆయిల్, ఫిల్టర్ మార్చితే మళ్లీ 1.2కి వచ్చింది. లైటొక్కటే ఉండి ఉంటే ఆ నీళ్లలాంటి ఆయిల్‌తో ఇంకా ఎన్ని ట్రిప్పులు ఘాట్ ఎక్కేదో ఆ బండి. బేరింగ్ సెట్టు, క్రాంకు గ్రైండింగు, బండి ఆగిపోయిన రోజుల కిరాయి, ఈఎంఐ. లెక్క మీరే వేసుకోండి.

పైరోమీటర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీని గురించి మనవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. ఇది టర్బోకి ముందు సైలెన్సర్ మానిఫోల్డులో పొగ ఎంత వేడిగా ఉందో చూపిస్తుంది. రెండు వేర్వేరు లోహాల తీగల కొనలు కలిపి వేడి చేస్తే చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని అంకెగా మార్చి చూపిస్తుంది. కె టైపు ప్రోబు అని అడగండి. నాది ఎర్ర అంకెల డిజిటల్‌ది. సింహాచలం దానికి 'పొగ మీటర్' అని పేరు పెట్టాడు, ఇప్పుడు మా స్టాండులో అందరూ అదే అంటున్నారు.

మొదట్లో ఆయనకి ఇది నచ్చలేదు. "ఇన్నేళ్లూ చెవితోనే నడిపాం కదండీ, ఇప్పుడు అంకెలు చూసి నడపాలా?" అన్నాడు. నేనూ పక్కన కూర్చుని ఎరువు లోడుతో ఘాట్ ఎక్కాం. మలుపు దాటాక అలవాటు ప్రకారం నాలుగో గేరులోనే లాగిస్తున్నాడు. ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 1300కి దిగింది, ఇంజిన్ మూలుగుతోంది, అద్దంలో నల్లపొగ. అంకె 590, 620, 650... చూస్తుండగానే 675. "మూడుకి దించు" అన్నాను. ఆర్‌పీఎం 1900కి లేచింది, పొగ పల్చబడింది, అంకె అంతే వేగంగా దిగి 560 దగ్గర నిలబడింది. స్పీడులో తేడా చెప్పుకోదగ్గంత కూడా లేదు. హీట్ మీటర్ ముల్లు ఇదంతా అయ్యేదాకా కదలనే లేదు.

కారణం పెద్ద రహస్యం కాదు. ఆర్‌పీఎం తక్కువైతే టర్బో తిరిగేది తక్కువ, గాలి తక్కువ. కాలు మాత్రం కిందికి తొక్కే ఉంది కాబట్టి డీజిల్ ఎక్కువ. గాలి చాలని మంట పొగలోకి వెళ్తుంది, వేడి పెరుగుతుంది. పిస్టన్ అల్యూమినియంది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. కింద నుంచి ఆయిల్ చిమ్మి చల్లబరుస్తుంటుంది కాబట్టి పొగ కాసేపు 650 దాటినా పిస్టన్‌కి వెంటనే ఏమీ కాదు. కానీ రోజూ ఘాట్ పొడవునా 700 మీద నడిపితే పిస్టన్ తల, టర్బో రెక్కలు ఎన్నాళ్లు నిలుస్తాయి? నా బండికి నేను పెట్టిన రూలు ఇది: 650 దాటితే గేరు దించాలి, 700 చూడకూడదు. ఇప్పుడు సింహాచలం గేరు మార్చేది ఆ అంకెను చూసే. చెవి మానేశాడని కాదు, రెండూ కలిపి వాడుతున్నాడు.

ఇంకో లాభం నేను అనుకోనిది. ఘాట్ ఎక్కాక బండి ఆపితే వెంటనే ఇంజిన్ కట్టేయకూడదని అందరికీ తెలుసు. కాలుతున్న టర్బోలో ఆయిల్ ఆగిపోయి మాడి మసి కడుతుంది. కానీ ఎంతసేపు ఐడిల్‌లో ఉంచాలి? కొందరు అర నిమిషం, కొందరు టీ తాగి వచ్చేదాకా. పొగ మీటర్ 200 కిందికి దిగితే కట్టేయమన్నాను. డాబా దగ్గర నెమ్మదిగా వచ్చి ఆగితే రెండు నిమిషాల లోపే దిగిపోతుంది, ఎక్కుడు మీదే ఆపాల్సి వస్తే ఇంకాస్త పడుతుంది. ఉత్తినే కాలే డీజిల్ మిగిలింది.

బిగింపులోనే దీనితో తంటా. మానిఫోల్డుకి బెజ్జం వేయాలి. ఇనప రజను టర్బోలోకి పోతే రెక్కలు చెడతాయి, కాబట్టి టర్బో దించే వేయాలి. మేస్త్రి "దించక్కర్లేదు, గ్రీజు పెట్టి వేసేస్తా" అన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఇంకో సంగతి, ఈ ఇంజిన్ మానిఫోల్డు లోపల రెండు గదులు. ముందు మూడు సిలిండర్ల పొగ ఒక దారి, వెనక మూడింటిది ఇంకో దారి. ప్రోబు ఎక్కడ పెడితే ఆ మూడింటి వేడే తెలుస్తుంది. నేను వెనకవైపు పెట్టించాను. టర్బో తర్వాత పెడితే సులువే, కానీ లోడు మీద అక్కడ వంద డిగ్రీల పైనే తక్కువ చూపిస్తుంది, ఆ అంకెతో రూలు పెట్టుకోవడం కష్టం. ఎలక్ట్రీషియన్ తీగలు తిరగేసి కలిపాడు. ఇంజిన్ వేడెక్కేకొద్దీ అంకె తగ్గుతుంటే ముందు బిత్తరపోయాం, తర్వాత నవ్వుకున్నాం. ప్రోబు నుంచి మీటర్ దాకా దాని కేబులే వాడాలి, మధ్యలో మామూలు రాగి వైరు అతికితే తప్పుడు అంకె వస్తుంది.

వాటర్ టెంపరేచర్ మీటర్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రేడియేటర్‌కి నీళ్లు వదిలే థర్మోస్టాట్ 83 దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది, మైదానంలో 85, ఘాట్‌లో 95 దాకా. ఇదీ మెకానికల్‌దే. బల్బు నుంచి వచ్చే సన్నతీగ గొట్టాన్ని కత్తిరించకూడదు, మడత పెట్టకూడదు, లోపలి ద్రవం పోతే మీటర్ చచ్చినట్టే. పొడవు ఎక్కువైతే చుట్టి కట్టేయండి. జాగ్రత్త పడాల్సింది ఒక్క విషయంలో. హోస్ పగిలి నీళ్లన్నీ పోయాయనుకోండి, బల్బు చుట్టూ నీళ్లుండవు, ఆవిరి ఉంటుంది. అప్పుడు ముల్లు పెరగకుండా తగ్గొచ్చు కూడా. ఎక్కుడు మీద హీట్ ముల్లు ఉన్నట్టుండి పడిపోతే సంతోషపడకండి, బండి పక్కకి తీయండి. రేడియేటర్ మూత కుక్కర్ మూత లాంటిది, ప్రెషర్ నిలపడం వల్లే నీళ్లు వంద దాటినా మరగవు. మూత రబ్బరు పోయిన బండికి ఏ మీటర్ పెట్టినా లాభం లేదు.

బూస్ట్ మీటర్ చూడ్డానికి బాగుంటుంది, ఎక్కుడులో ముల్లు 1.2 దాకా లేస్తుంటే క్లీనర్ కుర్రాడికి సరదా. రోజువారీ నడపడంలో దాన్నిబట్టి చేసేదేం లేదు. ఒక్కసారి మాత్రం పనికొచ్చింది. బూస్ట్ 0.8 దాటడం లేదు, పొగ మీటర్ మాత్రం మామూలు కంటే ఎక్కువ. రెండూ కలిపి చూస్తే గాలి ఎక్కడో లీకవుతోందని అర్థమైంది. ఇంటర్‌కూలర్ హోస్ క్లిప్పు కింద చీలిక, పైకి కనపడదు. మీటర్ లేకపోతే ఇంజెక్టర్లు విప్పి టెస్టింగ్‌కి పంపేవాళ్లు.

సెట్టులో నాకు అసలు నచ్చనివి లైట్లు. రాత్రి ముందు అద్దంలో నీలంగా మెరుస్తాయి, ఎదురు బండి లైట్లకి తోడు ఇవొకటి. ఫిల్మ్ ముక్క అంటించి తగ్గించాం. రెండోది, పొగ మీటర్‌కి 12 వోల్టులు కావాలి, మన లారీల్లో 24. కొందరు ఎలక్ట్రీషియన్లు రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి లాగేస్తారు. అలా చేస్తే ఆ బ్యాటరీ తక్కువ చార్జిలో, రెండోది ఎక్కువ చార్జిలో పడి రెండూ త్వరగా పోతాయి. చిన్న కన్వర్టర్ పెట్టించండి. దాని ఖర్చు వేరే, కొట్లో ఎవరూ ముందు చెప్పరు.

కొత్త పొగ నిబంధనల (బీఎస్6) బండ్లవాళ్లకి ఈ సెట్టు అనవసరం. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన లారీల్లో ఇలాంటి సెన్సార్లు చాలావరకు కంప్యూటర్‌కి తగిలే ఉంటాయి. బెజ్జాలు వేయించకుండా, డయాగ్నస్టిక్ సాకెట్‌కి పెట్టే రీడర్ ఒకటి కొనుక్కుంటే చాలా అంకెలు వస్తాయి. మా బావ అదే వాడుతున్నాడు. సైలెన్సర్‌లో ఫిల్టర్ మసి కాల్చుకునేటప్పుడు అక్కడి వేడి 600 దగ్గరికి వెళ్తే ఆయన మొదటిసారి హడలిపోయి నాకు ఫోన్ చేశాడు. అది మామూలే.

డబ్బు కొంచెమే ఉంటే ముందు ఆయిల్ మీటర్ ఒక్కటి పెట్టించండి, బెజ్జం వేసే పని లేదు, సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది. మైదానంలో ఖాళీగా, తేలిక లోడుతో తిరిగే బండికి పైరోమీటర్ లేకపోయినా నడుస్తుంది. ఘాట్ ఎక్కే బండికైతే ఇంజిన్ పని పడి టర్బో ఎలాగూ దించినప్పుడు దాన్ని బిగించేయండి, కూలీ కలిసొస్తుంది. నా రెండో బండికి బూస్ట్ మీటర్ మానేసి, ఆ డబ్బుతో రేడియేటర్ పైట్యాంకులో నీళ్లు తగ్గితే మోగే అలారం పెట్టించాను. ఇంతవరకు ఊరికే మోగలేదు, వానాకాలం తడిలో ఎలా ఉంటుందో చూడాలి.